టర్బోనా, బోరా
నేను మస్కట్‌ల పదకొండేండ్లు ట్రెయిలర్ నడిపి ఆర్మూర్‌కు వాపస్ వచ్చేసరికి మా అన్న ఇంకా నాయిన కొన్న పాత ముక్కు లారీనే తోలుతుండె. పసుపు కాలంల పసుపు, అది ఒడిసినంక మక్కలు. బండిల నాకూ సగం హక్కుండె. వచ్చిన వారానికే మాట తీసిన.

"అన్నా, గీ ఇంజన్‌తోని అయ్యేది లేదు. నిర్మల్ ఘాట్‌ల నడిచేటోళ్లు సుత మనల్ని దాటిపోతరు. డీజిల్ జూస్తే నీళ్ల లెక్క తాగుతుంది. టర్బో ఇంజన్ ఏపిద్దాం."

"ఉన్నది మంచిగనే ఉంది గదరా" అన్నడు. గంతే. ఎందుకన్నది చెప్పలే.

హైవే పక్కన షెడ్డుల మిస్త్రి చాచా ఉంటడు. మా నాయిన కాలం నుంచి గా బండిని ఇప్పి బిగించినోడు. ఆయన దగ్గరికి పోయి అడిగిన.

"టర్బో ఏస్తే లాగుడు పెరుగుతది, మైలేజ్ సుత జర పెరుగుతది" అన్నడు చాచా. "కానీ బేటా, గేర్ బాక్స్ పాతదే, బ్రేకులు పాతయే. ఎక్కుడు సరే, లోడుతోని దిగుడు సంగతి సోచాయించు. లేదంటే ఉన్న ఇంజన్‌కే సిలిండర్లు తొలిచి బోరు చేసి కొత్త పిస్టన్లేస్తం, డీజిల్ పంపు, నాజిళ్లు సరిచేపిస్తం. పికప్ గింతే ఉంటది, డీజిల్ మాత్రం తగ్గుతది."

నా మనసు టర్బో మీదనే. అంకాపూర్‌ల తెలిసినాయన అసొంటి పాత బండికే టర్బో ఎక్కించుకున్నడు, బ్రేకులు సుత మార్పిచ్చిండు. అన్నకు చూపిద్దామని గా బండిని ఒక్క దినం కోసం అడిగి తెచ్చిన. మక్కల లోడేసుకొని నిర్మల్ దిక్కు బయలెల్లినం. అన్న స్టీరింగ్ పట్టిండు, నేను పక్కన కూసున్న.

ఘాట్ మొదలైంది. ఇంజన్ మొత్తుకుంటుంది, అన్న గేర్ మారుస్తలేడు.

"అన్నా, గేర్ మార్చు!"

పలుకలే. ఇంకింత గట్టిగ అన్న. పలుకలే. భుజం తడితే అప్పుడు నా దిక్కు తిరిగిండు. "ఏందిరా?"

బండి పక్కకు ఆపించిన. ఆయన మొకానికి ఎదురుగ వంగి అడిగిన. "అన్నా, నీకు ఇనవడ్తలేదా?"

"ఎడమ చెవి మొత్తమే పోయింది. కుడిదాంట్ల జర జర ఇనవడ్తది."

"మరి ఇన్నొద్దులు ఎట్ల తోలినవ్?"

"మన బండిల గేర్ రాడ్ వణుకుతది. ఏ వణుకుకు ఏ గేరో నా అరచెయ్యికి ఎరుక. గిది మెత్తగున్నది, ఏం సమజైతలేదు." ఆగి మళ్ల అన్నడు. "మీ వదినకొక్కదానికే ఎరుక. చెవిటోనికి లోడు ఎవ్వరిస్తర్రా?"

మస్కట్ నుంచి ఫోన్ చేస్తే రెండు మాటలకే ఫోన్ వదినకిచ్చేటోడు. నా మీద కోపమనుకొని నేను సుత పోను పోను ఫోన్లు తక్కువ చేసిన. గట్ల ఎందుకు చేసిండో ఇప్పుడు సమజైంది. సీటు మారి మిగిలిన తొవ్వంత నేనే తోలిన.

మర్నాడు ఇంజన్ ముచ్చట పక్కకు పెట్టి అన్నను నిజామాబాద్ దవాఖానకు తీస్కపోయిన. డాక్టర్ చెవులు పరీక్ష చేసి, వినికిడి మిషన్ పెట్టుకుంటెనే బండి తోలాలె అన్నడు. మిషన్ వచ్చేదాక అన్నను స్టీరింగ్ ముట్టనియ్యలే. గా నడుమల లారీని చాచా షెడ్డుల పెట్టి బోరు పని చేపిచ్చినం. టర్బో కావాలని నేను మళ్ల అడుగలే.

చెవికి మిషన్ పెట్టుకొని మొదటిసారి మా ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు అన్న ఉలిక్కిపడ్డడు. "గింత లొల్లి జేస్తదారా గిది?" అని చాచా దిక్కు అనుమానంగ చూసిండు. ముగ్గురం నవ్వినం.

డీజిల్ తాగుడైతే తగ్గింది. ఘాట్ ఎక్కుడు ఎప్పటి లెక్కనే నెమ్మది. ఘాట్ తొవ్వ నాది, మాక్లూర్, నిజామాబాద్ తొవ్వ ఆయనది అని పంచుకున్నం. నేను తోలే దినాలల్ల సుత అన్న వస్తడు. పక్క సీట్ల కూసొని, నేను గేర్ తప్పుగ ఏస్తే తిడ్తడు.