ఎవాంథియా కడిగిన ఎముకలు

ఆ కొండవాలు మట్టి ఎర్రనిది, బరువైనది. పట్టిన తడిని తొందరగా వదలదు. అందువల్ల, శ్మశానంలో చోటు చాలక చుట్టుపక్కల ఊళ్లు మూడేళ్లకే తెరిచి ఎముకలు తీసే సమాధులను ఈ ఊళ్లో అయిదేళ్లదాకా ముట్టుకోరు. తెరిచాక చేతులు పెట్టవలసింది ఎవాంథియా. వేసవంతా పొగాకు ఆకు గుచ్చి ఆరబెట్టే మనిషే అయినా, తల్లి నుంచి సంక్రమించిన ఈ పనినే ఊరు ఆమెదిగా గుర్తించింది. మగవాళ్లు మూరెడు మట్టి మిగిలేవరకు తవ్వి పక్కకు తొలగుతారు. అక్కడినుంచి ఆమె మోకాళ్ల మీద కూర్చుని, చిన్న తాపీతో మట్టి తొలగించి, ముందుగా పుర్రెను తీసి దగ్గరి బంధువు చేతికిస్తుంది. మిగిలిన ఎముకలను కాలివేళ్లదాకా ఏరి, నీళ్లతోనూ ఆపైన తెల్లవైనుతోనూ కడిగి, ఆరబెట్టి, రేకుపెట్టెలో సర్దుతుంది. పెట్టె చర్చి వెనుక ఎముకల గదికి చేరుతుంది.

ఎముకలు తేనెరంగులో బయటపడితే పోయినవారు సుఖంగా వెళ్లినట్లు, నల్లగా ఉంటే పాపమేదో అంటిపెట్టుకుని ఉన్నట్లు ఊరి నమ్మకం. ఎవాంథియా దాన్ని ఏనాడూ సమర్థించలేదు, ఖండించనూ లేదు.

అయిదేళ్ల కిందట పోయిన ఖ్రిసూలా మీద బతికుండగానే ఒక నింద ఉండేది: మరిది ద్రాక్షతోటలోకి సరిహద్దురాయిని జరిపిందని. ఆమె కూతురు స్తమాటియా ఎవరితోనూ వాదించలేదు. తల్లి ఎముకలే సాక్ష్యం చెబుతాయని సమాధి తెరిచే రోజు కోసం కాచుకుంది. ఆ రోజు రానే వచ్చింది. ఊరి ఆడవాళ్లు ఇంకా చర్చిలో ప్రార్థనలో ఉన్నారు. మట్టిలోంచి వచ్చిన ఎముకలు తేనెరంగులోనే ఉన్నాయి. స్తమాటియా తల్లి నుదుటిని ముద్దుపెట్టుకుని, వెంట తెచ్చిన వైను కూజాను ముందుకు జరిపింది.

"అత్తా, దీనితో కడుగు. అమ్మ తోటదే."

"ఎర్రదా? నేను తెల్లవైను తెచ్చుకున్నానే."

"తను పెంచిన పండు తనకు తగలకూడదా ఏం? కాసేపు నాననియ్యి."

ఎవాంథియా కొంత వైను గిన్నెలో పోసి ఎముకలను నానబెట్టి, తీసి, తెల్లగుడ్డ మీద పరిచింది. గాలి తగిలేకొద్దీ ఎముకలు బూడిదరంగుకు తిరిగాయి. చూస్తుండగానే సిరా పట్టినట్లు నల్లబడ్డాయి.

చర్చినుంచి ఆడవాళ్లు వచ్చేసరికి గుడ్డ మీద కనబడింది ఆ నలుపే. అందరికన్నా ముందు నిలబడింది మరిగో, ఆ మరిది భార్య.

"రాయి జరిపిన చేతులు మరి. మట్టి దేన్నీ దాచదమ్మా," అందామె.

స్తమాటియా గుడ్డ అంచును తల్లి ఎముకల మీదికి మడిచింది.

నడుమెత్తు గోడకు అవతల ముస్లింల శ్మశానం. భర్త సమాధి మీద గడ్డి పీకుతున్న నజ్మియె నడుం నిటారుచేసి ఇటు చూసింది. ఆమె, ఎవాంథియా చిన్నప్పటినుంచీ ఒకే పందిరి కింద పొగాకు గుచ్చినవాళ్లు. మీవాళ్లను కాసేపైనా పడుకోనివ్వరు కదే అని నజ్మియె ఎత్తిపొడిచేది. మీకు చోటుంది, మాకు లేదు అని ఎవాంథియా బదులిచ్చేది. ఇప్పుడు నజ్మియె గోడ మీదికి వంగింది.

"ఎముకలకు రంగద్దావేమే?"

"రంగేమిటి?"

"ఉన్నికి నలుపెట్లా ఎక్కిస్తాను నేను? వగరుకు దానిమ్మ తొక్క, దాంట్లో తుప్పుమేకులు. ఎర్రవైనుకు వగరుందా లేదా? ఈ మట్టి ఎరుపంతా తుప్పు కాక మరేంటి?"

"మన ఎముకల సంగతి ఆవిడకేం తెలుసు?" అంది మరిగో.

ఎవాంథియా చేతులు తుడుచుకుని ఎముకల గదిలోకి వెళ్లింది. తిరిగివచ్చినప్పుడు ఆమె చేతుల్లో తన తల్లి పెట్టె ఉంది. ఆ తల్లి ఎముకల తేనెరంగును ఊరు ఇప్పటికీ ఉదాహరణగా చెప్పుకుంటుంది. ఆమె కూడా ఈ మట్టిలోనే పడుకుంది. ఎంత కడిగినా ఎముకల సన్నని రంధ్రాల్లో ఎరుపు కొంత మిగిలే ఉంటుంది. ఎవాంథియా మడమ ఎముకను తీసి పట్టుకుంది.

"మా అమ్మది. ఈమె పాపిష్ఠిదని ఎవరైనా అంటారా?"

ఆమె కూజా కోసం చెయ్యి చాచింది.

"వద్దత్తా," అంది స్తమాటియా. "నల్లబడితే మళ్లీ పోదు."

"తెలుసులే."

కూజాలో మిగిలినదంతా గిన్నెలో పోసి, ఎముకను అందులో ముంచి ఉంచింది. తీసినప్పుడు అది ఎర్రగా మాత్రమే ఉంది. మరిగో పెదవి విరిచింది. ఎవాంథియా దాన్ని గుడ్డ మీద, ఖ్రిసూలా ఎముకల సరసన పెట్టి, మడిచిన అంచును విప్పింది. గుంపులో ఎవరో దగ్గారు. ఎరుపు మసకబారింది, గరుకుగా ఉన్న వైపు ముందుగా బూడిదరంగు తేలింది, తరువాత ఆ రంగు అన్ని వైపులా పాకి చిక్కబడింది. రెంటికీ తేడా కనబడనంతగా నల్లబడ్డాక మరిగో వంగి మడమ ఎముకను చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో రుద్దింది. మరక కదలలేదు.

"రాయి సంగతి నేను చచ్చేదాకా మరవను," అంది, స్తమాటియాతోనే. "ఇది మాత్రం వైను మరకే. ఎక్కడైనా ఇదే చెబుతాను."

ఎముకను ఎవాంథియాకు అందించింది. ఎవాంథియా దాన్ని తుడవలేదు. తల్లి పెట్టెలో, తేనెరంగు ఎముకల మధ్యన పెట్టి మూత వేసింది.