రాగి రేకు

యూసుఫ్‌గూడ భిక్షం పని హీరోగారి ఫోన్ మోయడం. ఫిల్మ్‌నగర్ సెట్‌లో షాట్ మొదలవగానే క్యారవాన్‌లోకి పరుగెత్తి, దాన్ని వైర్‌లెస్ చార్జర్ మీద పెడతాడు. వైరు వేలాడితే హీరోకి చిరాకు. ఫోన్ కవరులో ఆయన తల్లి దాచిన రాగి యంత్రం రేకు ఉంది. చార్జింగ్‌లో అది పెనంలా కాలుతుంది. పోయిన వారం హీరో ఫోన్ చెవికి ఆనించి, చురుక్కుమనగానే భిక్షం చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లి చొక్కా ఎర్రబడింది.

"సార్, రేకు దీస్తే గిట్ల కాలది."

"మా అమ్మ పెట్టింది తీస్తావురా?"

రెండో దెబ్బకు పన్ను ఊడింది. అప్పటినుంచి భిక్షం ఫోన్ ఇచ్చేముందు తన చెంపకు ఆనించి వేడి చూసుకుంటున్నాడు. మొద్దుబారిన ఆ చెంపకు నిన్న వేడి తెలియలేదు. మూడో దెబ్బ కూడా దాని మీదే పడింది.