టీచరమ్మ అడుగులు

తొంభైల మధ్యలో జి.మాడుగుల దగ్గర ఒక కొండ ఊరి బడిలో డ్రాయింగు టీచరుగా చేరినప్పుడు నా అట్టపెట్టె నిండా చార్టులే. తామరపువ్వులు, నెమళ్లు, తాజ్‌మహల్. అందమంటే బయటి నుంచి తెచ్చి ఆ పిల్లలకు నేర్పాల్సిన వస్తువని నా గట్టి నమ్మకం. అప్పటి నా పొగరు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

నాకు గది అద్దెకిచ్చిన ఇంటావిడ వారానికోసారి పేడ, ఎర్రమట్టి కలిపి తన ఇంటి నేల అలికేది. అరచెయ్యి తిప్పిన చోటల్లా ఒక అర్ధచంద్రం, దాని అంచు మీద ఇంకొకటి, వరస తప్పకుండా. నేనేమో బడిలో అవే వంపులు కంపాసుతో గీయించి, చెరిపించి, మళ్లీ గీయించేదాన్ని. రోజూ ఆవిడ నేల మీదుగానే బడికి వెళ్లేదాన్ని, చూసేదాన్ని కాదు.

ఆ ఏడు కొత్త పంట ఇంటికి తెచ్చుకునే కొత్తల పండగకు రెండు రోజుల ముందు ఆవిడ పొలం గట్టు మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కొత్త కొర్రలు ఇంట్లోకి రావాలంటే నేల కొత్తగా అలికి ఉండాలి. కూతుళ్లు లేరు. ఊళ్లో ఆడవాళ్లకు ఎవరి పని వాళ్లకే సరిపోయింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని దిగులుగా కూర్చున్న మనిషిని చూడలేకపోయాను.

"నేనలుకుతాను పెద్దమ్మా. డ్రాయింగు టీచర్ని కదా."

"నీవల్ల అవుద్దేటి?" అంది.

మర్నాడు పొద్దున్నే కొంగు బిగించి గుమ్మం దగ్గర మొదలుపెట్టాను. మొదటి వంపులు దోసకాయల్లా వచ్చాయి. పదో వరసకు చెయ్యి దారిలో పడింది. ఉత్సాహంగా వెనక్కి జరుగుతూ పోయాను. లోపలి మూల గోడ వీపుకు తగిలాక తలెత్తి చూస్తే, గుమ్మానికీ నాకూ మధ్య అంతా తడి నేలే.

"ఏటి సేత్తన్నావు టీచరమ్మా? మూల కాడ్నించి గుమ్మానికి రావాల గానీ," అంటూ బయట ఆవిడ ఒకటే నవ్వు.

ఆరేదాకా కూర్చుందామంటే బడి గంట కొట్టేశారు. తొమ్మిది అడుగులేసి బయటపడ్డాను. రేపే పండగ. సాయం చేస్తానని వెళ్లి ఆవిడ నేల పాడుచేశానని రోజంతా సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి అడుగులు అలాగే ఉన్నాయి. ఆవిడ ఒక్కోదాని చుట్టూ మట్టి తడిపి, ఎడమచేతి వేళ్లతో గీతలు తిప్పింది. ఎవరో కావాలని వేసిన ముగ్గులా ఉంది.

"సెరిపేద్దారనుకున్నాను. సూస్తే బాగున్నాయి, ఉంచేసినాను," అంది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మర్నాడు కొత్త కొర్రలు వాటి మీదుగానే లోపలికి వెళ్లాయి. పండగ తర్వాత చార్టులు అట్టపెట్టెలోంచి తీయలేదు. మీ ఇంటి నేల చూసి గీసుకురమ్మని పిల్లలకు చెప్పాను.

మరుసటి ఏడు ఆవిడ చెయ్యి బాగుపడింది. పండగ ముందు రోజు నేలంతా తనే అలుక్కుంది, మూల నుంచి గుమ్మం దాకా, ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా. నేను బడికి బయలుదేరుతుంటే గుమ్మంలోంచి పిలిచింది.

"బేగి రా టీచరమ్మా. సెప్పులిప్పి, ఆరిపోకముందే ఓపాలి నడిసెల్లు."