ఇచ్చిన, పట్టిన

నా చిన్నప్పుడు మా ఊరికి రైలుండేది గానీ అందులో మనుషులు ఎక్కడానికి లేదు. బండలు మాత్రమే ఎక్కేవి. నాపరాళ్ల గని సొంతదారు ఎవరో, మా తాతయ్య కుర్రతనంలో, గని నుంచి పెద్ద రైలు స్టేషన్ దాకా ఏడు మైళ్ల సన్న పట్టాలు వేయించాడట. ఎక్కడో చక్కెర ఫ్యాక్టరీలో చెరకు లాగి లాగి ముసలిదైపోయిన ఇంజన్ ఒకటి కొనుక్కొచ్చి, దాని వెనక పన్నెండు పెట్టెలు తగిలించాడట. దారిలో స్టేషన్ లేదు, సిగ్నల్ లేదు. ఊళ్లో అందరూ బండల రైలు అనేవాళ్లు. ఇప్పుడు అడిగితే అలాంటిది ఒకటుండేదని చెప్పేవాళ్లు కూడా లేరు, నేను తప్ప.

ఆ నేనేమో ఖతార్‌లో కూర్చున్నాను. దోహాకు ఉత్తరాన ఉమ్ సలాల్‌లో మా అమ్మాయి కాపురం. ఊళ్లో మా చుట్టాలు మాత్రం నేను దుబాయ్ పోయానంటారు. నాలుగుసార్లు సరిదిద్ది, నోరు నొప్పి పుట్టి వదిలేశాను. అల్లుడికి కంపెనీ కారిచ్చింది, డ్రైవర్‌నిచ్చింది. ఆ డ్రైవర్ జగిత్యాల దిక్కు మనిషి, యాభై దాటినవాడు. ఈ ఇంట్లో నాతో నా యాసలో మాట్లాడేది అతనొక్కడే. వచ్చిన కొత్తలో కొట్లో కొత్తిమీర అడిగితే కొట్టువాడు "మాఫీ, మాఫీ" అన్నాడు. వీడెందుకు నన్ను క్షమించమంటున్నాడని బిత్తరపోయి చూశాను. డ్రైవర్ పడీపడీ నవ్వాడు. "ఈడ మాఫీ అంటే లేదు అని అమ్మా. మన మాఫీ కాదు" అన్నాడు.

ఒక సెలవు రోజు, పద్నాలుగేళ్ల మా మనవరాలు నన్ను ముషైరిబ్‌లో మెట్రో ఎక్కించి ముందు పెట్టెలో అద్దం దగ్గర నిలబెట్టింది. "చూశావా అమ్మమ్మా, దీనికి డ్రైవరే ఉండడు" అంది, తనే కనిపెట్టినంత గొప్పగా. "మరి కర్ర ఎవరి దగ్గరుంటుందే?" అనేశాను. "ఏం కర్ర?" అంది. ఏదో చెప్పి తప్పించుకున్నాను.

కర్ర అంటే మూరెడు తుమ్మ కర్ర. ఎర్ర రంగు, రెండు కొసలకూ ఇత్తడి పొన్ను. ఏడు మైళ్ల దారికీ అదొక్కటే. అది ఎవరి చేతిలో ఉంటే పట్టాల మీద వాళ్లొక్కరే ఉండాలి. బండి పోతే బండి, పట్టాలు బాగుచేసే గ్యాంగు తమ తోపుడు ట్రాలీ వేసుకుని పోతే గ్యాంగు. కర్ర లేనివాడు పట్టా మీద కాలు పెట్టకూడదు. అక్కడ పనిచేసేవాళ్లలో చదువొచ్చినవాళ్లు తక్కువ కాబట్టి కాగితం, సంతకం ఏమీ లేవు. ఇచ్చేవాడు "ఇచ్చిన" అనాలి, తీసుకునేవాడు "పట్టిన" అనాలి. ఆ రెండు మాటలూ అయ్యేదాకా ఇద్దరి చేతులూ కర్ర మీదే ఉండాలి. పిల్లలం గచ్చకాయలు ఇచ్చిపుచ్చుకున్నా అట్లాగే అనుకునేవాళ్లం.

గని కొసన రేకుల గదిలో ఆ కర్రకు కాపలా మా తాతయ్య. మా నాన్న పోయాక అమ్మనూ నన్నూ సాకింది ఆయనే. కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. మనిషి కరుకు, నామీద మాత్రం వల్లమాలిన ప్రేమ. ఆ ఏడు ఆయన కాలికి పుండు లేచి నడవలేక, కర్రను నా చేత పంపడం మొదలుపెట్టాడు. అది పెద్ద తప్పు. ఆయనకేమో మురిపెం. "నా మనుమరాలు నాకన్న హుషారు" అని అందరికీ చెప్పేవాడు. నేనూ ఏం తక్కువ తిన్నదాన్ని కాదు. ఇంజన్ డ్రైవర్ కనిపించకపోతే కర్రను ఇంజన్ మెట్టు మీద పెట్టేసి వచ్చి, ఇచ్చానని చెప్పేదాన్ని. రెండు మూడుసార్లు అట్లా గడిచిపోయింది. తొమ్మిదేళ్ల పిల్లను నమ్మినవాళ్లననాలి ముందు.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. తాతయ్యకు సద్ది తీసుకుపోయాను. ఆయన గటక కలుపుకుంటూ, "మూడో మైలు కాడ పట్టాల కింది మోరీ కుంగిందంట. ఉరుకు బిడ్డా, కర్ర మేస్త్రికిచ్చి రా" అన్నాడు. గ్యాంగు మేస్త్రి మా పక్క క్వార్టర్ ఆయనే. ఆయన కూతురు నా జోడీ, ఒకే పలక మీద రాసుకునేవాళ్లం. గ్యాంగు ఒక ఫర్లాంగు అవతల, బండల కుప్పలు దాటాక, ట్రాలీతో కాచుకుని ఉంది. నాకు చెప్పుల్లేవు. కింద బండలు పెనం లాగా కాలుతున్నాయి. దారిలో ఇంజన్ నీళ్లు పట్టుకుంటోంది, గొట్టం కారి కింద బురద మడుగు కట్టింది. కర్రను ఇంజన్ మెట్టు మీద పెట్టి ఆ మడుగులో కాళ్లు పెట్టాను. అబ్బ, ఆ చల్లదనం ఇప్పటికీ నా అరికాళ్లకు గుర్తుంది.

అవతలి నుంచి మేస్త్రి నోటికి చేతులడ్డం పెట్టుకుని అరిచాడు. "బిడ్డా, కర్ర తెచ్చినవా?"

మళ్లీ ఆ బండల మీద నడవాలంటే ఏడుపొచ్చింది. మడుగులోంచే "ఇచ్చినా..." అని అరిచాను.

ఆయనకు నవ్వొచ్చింది. మా ఆటల్లో ఆయనా చేరేవాడు కదా. "పట్టినా..." అని అంత దూరం నుంచీ అరిచాడు. "వెనకంగ ఉరికి రా" అన్నాడు. నలుగురూ ట్రాలీని పట్టాల మీద పెట్టి తోసుకుంటూ మలుపు తిరిగిపోయారు. చిన్నపిల్లే అయినా కర్ర కాపలాదారు మనవరాలు కదా, వెనకే తెస్తుందనుకున్నారు.

నేను ఇంకాసేపు నీళ్లలో ఆడుకున్నాను. ఇంజన్ డ్రైవర్ అన్నం తిని వచ్చి, మెట్టు మీద కర్ర చూసి, తాతయ్య పంపాడనుకున్నాడు. కూత వేసి బండి కదిలించాడు. నేను చూస్తూనే ఉన్నాను. నోరు పెగల్లేదు. కేకేసి ఉంటే ఆపేవాడేమో. అట్లా చేయకుండా రేకుల గదికి పోయి నిలబడ్డాను. "ఇచ్చినవా?" అన్నాడు తాతయ్య. ఇచ్చానన్నాను. "పట్టిన అన్నడా?" అన్నాడన్నాను. అది అబద్ధం కూడా కాదు, చూడండి. అప్పుడు బండి చప్పుడు విని ఆయన ఎంగిలి చేత్తోనే లేచాడు. "బండెట్ల పోతున్నదే?" అని నా మొహం చూశాడు. పుండు కాలితోనే పట్టాల వెంట ఉరికాడు.

మలుపు దాటాక పల్లం, వెనక నుంచి వచ్చిన బండి ఆగలేదు. ట్రాలీ మీంచి ముగ్గురు దూకేశారు. ట్రాలీ పోతే కొలువు పోతుందని మేస్త్రి దాన్ని పట్టాల మీంచి లాగబోయాడు. కుడికాలు మోకాలి కింద పోయింది.

మూడు వారాలకు పట్నం నుంచి మేనేజరు విచారణకు వచ్చాడు. ఆ పొద్దున తాతయ్య నన్ను గది వెనక్కి తీసుకుపోయాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నీళ్లు తెచ్చి నా కాళ్లు కడిగాడు, వేళ్ల సందుల్లో కూడా రుద్ది రుద్ది. తర్వాత బెల్లం ముక్క చేతిలో పెట్టి మెల్లగా చెప్పాడు. "నువ్వా కర్ర ముట్టలేదు బిడ్డా. నీకా కర్ర సంగతే ఎరుక లేదు. ఏదీ, అను." ఎక్కం చెప్పినట్టు మూడుసార్లు చెప్పించుకున్నాడు. బెల్లం నోట్లో పెట్టుకుని మూడుసార్లూ చెప్పాను. ఏమాటకామాట, అంత ముద్దుగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

రేకుల కింద కుర్చీ వేసుకుని మేనేజరు అందరినీ అడిగాడు. కర్రను తన చేత్తోనే ఇంజన్ డ్రైవర్‌కిచ్చానన్నాడు తాతయ్య. ఇచ్చాడన్నాడు డ్రైవర్. మెట్టు మీద దొరికిందంటే ఆయన కొలువూ పోతుంది మరి. మేస్త్రిని నులక మంచం మీద మోసుకొచ్చారు. "ఆ బిడ్డ ఇచ్చిన అన్నది సారు. బిడ్డనడుగుండ్రి" అన్నాడు. "కర్ర నీ చేతికి ముట్టిందా?" అని మేనేజరు. లేదన్నాడు. "ముట్టకుంట పట్టిన అని ఎట్లన్నవ్?" నన్ను ముందుకు తోశారు. వెనక తాతయ్య చెయ్యి నా భుజం మీద ఉంది.

"నేను కర్ర ముట్టలే సారు. నాకెరుక లే" అన్నాను.

మేస్త్రి నావైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. "చిన్నపిల్ల గద సారు, యాది లేకపోవచ్చు" అన్నాడు.

వారం తిరక్కముందే వాళ్లను క్వార్టర్ ఖాళీ చేయించారు. ఎడ్లబండిలో సామాన్ల మధ్య మేస్త్రిని పడుకోబెట్టారు. నా జోడీ బండి దిగి వచ్చి, నావే అయిన ఐదు గచ్చకాయలు చాపి "ఇచ్చిన" అంది. నేను చెయ్యి చాపాను గానీ మాట రాలేదు. అది వదల్లేదు, నేను పట్టిన అనేదాకా వదలకూడదు కదా. ఇద్దరం అట్లా గచ్చకాయలు పట్టుకుని నిలబడ్డాం. వాళ్లమ్మ గట్టిగా పిలిస్తే వాటిని నేల మీద పోసి వెళ్లిపోయింది. వాళ్లు ఏమయ్యారో నాకు తెలియదు. తెలుసుకోలేదు కూడా. నేనేడుస్తుంటే మా అమ్మ నా నోరు మూసి, "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతది, ఊకో" అంది. ఆమెకు అంతా తెలుసు.

తర్వాత కొన్నేళ్లకు లారీలొచ్చాయి. పట్టాలు పీకి పాత ఇనుముకు అమ్మేశారు, ఇంజన్ గడ్డిలో తుప్పు పట్టి పోయింది. చివరి రోజు మా తాతయ్యకు దండేసి, ఆ కర్రను జ్ఞాపకంగా ఇచ్చారు. ఆయన దాన్ని మా ఇంటి గుమ్మం మీద మేకుకు తగిలించాడు. ఎవరొచ్చినా చూపించి, "నా చేతి మీద ఒక్క తప్పు లేదు" అనేవాడు. నేను పక్కనే ఉన్నా తడబడేవాడు కాదు. చాలా ఏళ్లు అదంతా నాకోసం చేశాడనుకున్నాను. క్వార్టర్ ఎవరిది, కొలువు ఎవరిది అని లెక్క చూసుకునే వయసొచ్చాక గానీ నాకు బుద్ధి రాలేదు. అప్పటికి ఆయన పోయాడు. అమ్మ ఆ కర్రతో తలుపుకు గడియ పెట్టేది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన నెల జరిగింది చెప్పాలి కాబట్టి.

డ్రైవర్ సరుకులు తెచ్చాడు. ఎండకు కారు వేడెక్కుతుందని ఏసీ ఆపకుండా వదిలి, సంచులు లోపల పెడుతున్నాడు. ఇక్కడ అందరూ అట్లాగే చేస్తారు. మా మనవరాలు కారెక్కి వెనక్కి తీయబోయి గేటు స్తంభానికి గుద్దింది. వంటింటి కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. ఈసారి కూడా నోరు పెగల్లేదు. పిల్ల పరుగున వచ్చి నన్ను కావలించుకుని "డాడీ చంపేస్తారు అమ్మమ్మా" అని ఏడ్చింది. లైసెన్సు లేని పిల్ల కంపెనీ కారు నడిపిందని తెలిస్తే మా అల్లుడి ఉద్యోగానికే ముప్పు. ఆ ఉద్యోగం మీదే ఇల్లు, వీసాలు, పిల్ల చదువు. కొంగుతో దాని మొహం తుడిచాను, చెప్పుల్లేని కాళ్లకంటిన ఇసుక దులిపాను. అప్పుడు నా నోట్లోంచి మాట వచ్చింది, ఎవరో లోపల కూర్చుని అందిస్తున్నట్టు.

"నువ్వా కారు ముట్టలేదు బిడ్డా. నీకా కారు సంగతే తెలియదు. ఏదీ, అను."

అంది. మూడుసార్లు.

అల్లుడు వచ్చి డ్రైవర్‌ని కడిగేశాడు. "నేను లోపట సామాన్లు పెడ్తున్న సార్. అమ్మనడుగుండ్రి, అమ్మ ఈడనే ఉండె" అన్నాడతను. అల్లుడు నావైపు తిరిగాడు. "పొయ్యి దగ్గర ఉన్నాను బాబూ, చూడలేదు" అన్నాను. అల్లుడు మరీ ఎక్కువ అడగలేదు. ఎక్కువ అడగకూడదని ఆయనకూ తెలిసిందేమో. కంపెనీ వాళ్లు డ్రైవర్‌ని క్యాంప్‌కు పిలిపించి ఎగ్జిట్ కొట్టారు, అంటే వీసా తీసేసి ఇంటికి పంపడమన్నమాట. కూతురి పెళ్లయ్యేదాకా ఇంకో రెండేళ్లు ఇక్కడ ఉండాలని నాతో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో.

తన టిఫిన్ డబ్బా, చెప్పులు తీసుకుపోవడానికి ఒక పొద్దున వచ్చాడు. గేటు దాకా వెళ్లాను. "తమ్ముడా, మాఫ్ చెయ్యి" అన్నాను.

"నువ్వు కిటికీల నిలబడ్డది నేను చూసిన అమ్మా" అన్నాడు. డబ్బా సంచిలో పెట్టుకుని, సంచి భుజానికి తగిలించుకున్నాడు. "ఈడ మాఫీ అంటే ఏందో నీకు మొదలే చెప్పిన గద."

కొత్త డ్రైవర్ వచ్చి పది రోజులైంది. మొన్న నేనూ మనవరాలూ వెనక సీట్లో కూర్చున్నాం. కారు గేటు దాటుతుంటే, పిల్ల ముందుకు వంగి ఆ స్తంభం చూపించింది. "అంకుల్, ముందున్న డ్రైవర్ ఇక్కడే గుద్దేశాడు. మీరు జాగ్రత్తగా తీయండి" అంది. రెప్ప కొట్టలేదు. నావైపు చూడను కూడా లేదు. చెప్పి మళ్లీ ఫోన్ చూసుకుంటోంది.

నేనింకా ఇచ్చిన అననే లేదు. అది పట్టేసుకుంది.