మామూలే అన్నాను

పెళ్ళయిన ఏడాదికి మా ఆయనకు తిరువూరు బదిలీ అయింది. చేపల ఆఫీసులో ఉద్యోగం. ఆఫీసంటే పెద్ద బోర్డూ, డవాలీ బంట్రోతూ ఉంటారనుకునేరు, అలాంటి హంగులేమీ లేవు. మేము అద్దెకు దిగిన ఇంటి వసారాలో ఒక బల్ల, రెండు కుర్చీలు, కాగితాలు పెట్టుకునే రేకు పెట్టె, అంతే ఆఫీసు. చుట్టుపక్కల చెరువుల్లో వల వేయాలన్నా గాలం వేయాలన్నా లైసెన్సు కావాలి గనక, కావలసినవాళ్ళు మా వసారాకే వచ్చేవారు. ఆయన క్యాంపులంటూ ఎప్పుడూ ఏదో ఒక చెరువు గట్టు మీదే ఉండేవారు. దాంతో వచ్చినవాళ్ళకు జవాబు చెప్పే పని నా మీద పడింది.

పడిందంటే ఎవరో మోపారని కాదు, నేనే ఎత్తుకున్నాను. నోరు మూసుకుని ఇంట్లో కూర్చోవడం నాకు చేతకాదు. మా నాన్న బడిపంతులు. ఆయన పోలిక కాబోలు, ఎదుటివాళ్ళకు తెలియనిది నాకు తెలిసిందంటే చెప్పేదాకా కడుపు ఉబ్బిపోతుంది. కొద్ది నెలల్లోనే లైసెన్సు సంగతులన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. గాలానికి ఫీజు తక్కువ, విసురు వలకు ఎక్కువ, నలుగురు పట్టి లాగే పెద్ద వలకు ఇంకా ఎక్కువ. ఆ డబ్బు మా చేతికి ఇవ్వకూడదు, ట్రెజరీలో చలానా కట్టి రసీదు తేవాలి. వల కన్ను మరీ చిన్నదైతే పిల్ల చేపలు కూడా పడతాయి గనక దానికి లైసెన్సు లేదు. తొలకరిలో చేప గుడ్లు పెట్టుకుంటుంది, అప్పుడు వల ముట్టకూడదు. బందరు జిల్లా ఆఫీసు నుంచి లైసెన్సు వచ్చేదాకా చలానా రసీదు మీద కొన్నాళ్ళు పట్టుకోవచ్చు, ఆ గడువు దాటాక లైసెన్సు దగ్గర లేకుండా నీళ్ళలో దిగితే నేరం.

ఇదంతా నేను గడగడా చెబుతుంటే వచ్చినవాళ్ళు నెత్తిన పాగాలు తీసి చేత్తో పట్టుకుని వినేవారు. నాకంటే పెద్దవాళ్ళు, నేను పుట్టకముందు నుంచీ చేపలు పడుతున్నవాళ్ళు. ఆ వినడం నాకు ఎంత బాగుండేదో! లోపలికి వచ్చి అద్దంలో ఒకసారి మొహం చూసుకునేదాన్ని కూడా.

పెనుగొలను వైపు నుంచి ఒకామె వచ్చేది. ఆమెది మా అమ్మ వయసు. మొగుడు విసురు వల వేస్తాడు, ఈమె తట్టలో చేపలు పెట్టుకుని ఊళ్ళ వెంట అమ్ముతుంది. సెంటు భూమి లేదు, ఆ ఒక్క వలే వాళ్ళకు పొలం. అందుకని ఏటా అందరికంటే ముందు వచ్చి లైసెన్సు సంగతి తేల్చుకునేదట. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచాను. ఆ పిలుపుకు ఆమె కాస్త కంగారు పడింది.

వానలు తగ్గుముఖం పట్టి కొత్త లైసెన్సులు ఇచ్చే కాలం అది. ఆయన ఊళ్ళో లేరు. నేను యథాప్రకారం ఫీజుల పాఠం మొదలుపెట్టాను. ఆమె అంతా విని, గొంతు తగ్గించి, “ఈ ఏడు కూడా మామూలేనా అండి అమ్మగారూ?” అంది.

పోయిన ఏడాది ఫీజే ఉందా, పెంచారా అని అడుగుతోందనుకున్నాను.

“మామూలే పెద్దమ్మా, మార్పేం లేదు,” అన్నాను, ఏదో వరమిచ్చినదానిలా.

ఆమె “సరేనండి,” అని తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆఫీసు గుమ్మంలో మామూలు అన్న మాటకు ఉండే రెండో అర్థం నాకు తెలియక కాదు. తెలుగు పుట్టుక పుట్టి అది తెలియని వాళ్ళెవరు? కానీ మా వసారాలో, మా ఆయన బల్ల పక్కన, ఆ అర్థంలో ఎవరైనా ఆ మాట అంటారని నాకు తోచలేదు.

మరుసటి వారం ఆమె చలానా రసీదు చూపించి, ఒక బొచ్చె చేప తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఇంకా మొప్పలు కదులుతున్నాయి. ఎంతమ్మా అంటే, “డబ్బులేంటండి, మామూలుదే కదండీ,” అంది. పెద్ద గొప్ప చేపేం కాదులెండి, మొహమాటపడకండి అంటోందని నేను సంబరపడ్డాను. కొత్త ఊళ్ళో నా మీద ఇంత అభిమానం చూపించే మనిషి దొరికిందని మా అమ్మకు ఉత్తరం కూడా రాశాను. ఆ తర్వాత వారం వారం చేప వచ్చింది. ఒకసారి కొరమీను, ఒకసారి బొచ్చె, వల సరిగ్గా పడని వారం నాలుగు జెల్లలు.

అక్కడితో ఆగి ఉంటే నాది ఉత్త తెలివితక్కువతనం అయ్యేది. కానీ అవి ఎమర్జెన్సీ రోజులు. ఎవరి ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో తెలియదు. మా ఆయన అసలే పిరికి నిజాయితీ మనిషి. కాపురానికి వచ్చిన రోజే, “ఎవరేమిచ్చినా పుచ్చుకోకు, ఆఖరికి కరివేపాకు రెమ్మయినా సరే,” అని చెప్పి ఉన్నారు. మొదటి చేప వండిన రోజు ఆయన కంచం ముందు కూర్చుని, “ఎక్కడిది?” అన్నారు.

“బజారులో కొన్నాను,” అన్నాను.

ఎందుకన్నానంటే ఏం చెప్పను? ఆయన వద్దంటారని తెలుసు. వద్దనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. ఆమెది అభిమానమని నమ్మినదాన్ని ఆ మాటే ధైర్యంగా చెప్పవచ్చు కదా! చెప్పలేదంటే లోపల ఎక్కడో అనుమానం ఉన్నట్టే. పులుసు బాగుందని ఆయన మళ్ళీ వడ్డించుకున్నారు. నేను కూడా బాగానే తిన్నాను.

క్రిస్మస్ ముందు రోజు పొద్దున్న ఆయన ఇంట్లోనే ఉన్నారు. పెరట్లో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నారు. నేను చర్చికి కట్టుకునే చీర ఇస్త్రీ చేసుకుంటున్నాను. వసారాలో ఆమె గొంతు వినిపించింది. వెళ్ళి చూస్తే బాదం ఆకులో చుట్టిన చేప, పక్కన ఆమె, చెప్పులు లేని కాళ్ళ నిండా దుమ్ము.

“నిన్నంతా వల పడలేదండి అమ్మగారూ. పండగ పూట వట్టి చేతులతో ఎలా వస్తామని ఇక్కడే బజారులో కొని తెచ్చానండి. మామూలు తప్పకూడదు కదండీ,” అంది.

కొని తెచ్చింది. చేపలు అమ్ముకుని బతికే మనిషి మా కోసం బజారులో చేప కొని తెచ్చింది. నా వెనక మా ఆయన వచ్చి నిలబడ్డారు, సగం మొహాన సబ్బు నురగతో.

“మామూలేంటమ్మా?” అన్నారు.

ఆమె నా వైపు చూసింది. ఏదో అనకూడనిది అనేశానా అన్న చూపు. “అంతకుముందున్న అయ్యగారికి వారానికో చేప ఇచ్చుకునేవాళ్ళమండి. లైసెన్సు ఆగకుండా వచ్చేదండి. ఈ ఏడు అడిగితే అమ్మగారు మామూలే అన్నారండి.”

“నేనన్నది ఫీజు సంగతి,” అన్నాను.

ఆయన ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఆ చేప తీసి ఆమె తట్టలో పెట్టి, “తీసుకుపోమ్మా. ఇంకెప్పుడూ చేపతో ఈ గుమ్మం ఎక్కొద్దు,” అన్నారు. ఎవరైనా చూశారేమోనని రోడ్డు వైపు రెండుసార్లు తొంగిచూశారు. ఆమె తట్ట ఎత్తుకుంది. గేటు దాటేటప్పుడు ఒక్కసారి వెనక్కి చూసింది, నన్నే.

లోపలికి వచ్చాక ఆయన అడిగింది ఒకటే. “ఆమె అడిగింది నీకు అర్థం కాలేదు, సరే. నాతో కొన్నానని ఎందుకు చెప్పావు?”

నేను వెళ్ళి సగంలో ఆగిన చీర ఇస్త్రీ పూర్తిచేశాను. ఆ పండగ ఎలా గడిచిందో చెప్పుకోవడం అనవసరం.

సంక్రాంతి వెళ్ళిన కొద్ది రోజులకు బందరు నుంచి లైసెన్సులు వచ్చాయి. వాటిలో ఆమె మొగుడిదీ ఉంది. మిగతావాళ్ళంతా వచ్చి తీసుకుపోయారు. ఆమె రాలేదు. చేప వెనక్కి ఇచ్చారంటే లైసెన్సు కూడా లేదన్నట్టే అని వాళ్ళు అనుకుని ఉంటారని ఆయనకు తట్టింది. “నువ్వు వేసిన ముడి నువ్వే విప్పు. బస్సెక్కి వెళ్ళి, ఆ కాగితం ఇచ్చి, అసలు సంగతి చెప్పి రా,” అన్నారు. న్యాయమైన మాటే.

ఇవాళ తలనొప్పి, రేపు బట్టలు ఉతకాలి, ఎల్లుండి బస్సు రద్దీ. పెనుగొలను ఏమన్నా పై దేశమా? పొద్దున వెళితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండవచ్చు. అందరికీ గడగడా పాఠం చెప్పే నా నోటికి, “నాదే పొరపాటు పెద్దమ్మా” అన్న ఒక్క మాట చెప్పడం బరువైపోయింది. మా ఆయన మొదట రోజూ అడిగారు, తర్వాత అడగడం మానేశారు. రేకు పెట్టెలో ఆ లైసెన్సు అలాగే ఉంది. దాన్ని చూడకుండా ఉండాలని ఆ పెట్టె తుడవడం కూడా మానేశాను.

మిరపకాయలు కళ్ళాల్లో ఆరబోసే రోజుల్లో పై అధికారి జీపులో తనిఖీకి వచ్చారు. మా ఆయనను వెంటబెట్టుకుని తెల్లవారకముందే చెరువుల మీదికి వెళ్ళారు. లైసెన్సు లేదనుకుని ఆమె మొగుడు, ఆ ముసలాయన, ఎవరూ చూడకుండా చీకటితో వల వేస్తున్నాడట. రసీదు గడువు ఎప్పుడో దాటిపోయింది. మా ఆయన అడ్డుపడి, లైసెన్సు మంజూరైంది సార్, ఇంట్లోనే ఉంది, తీసుకోవడానికి రాలేదంతే అని చెప్పారట. చేతిలో లేనిది లేనట్టే కదయ్యా అన్నారట అధికారి. ఆ నియమం నాకూ తెలుసు. ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పానో!

వల జప్తు చేసి జీపులో వేసుకుని వచ్చారు. పై ఆఫీసుకు అప్పగించేదాకా మా వసారాలోనే ఉంచారు. సీసం గుళ్ళ వల, ఇంకా నీళ్ళు కారుతోంది. అక్కడక్కడా చిరుగులు వేరే వేరే రంగుల దారాలతో అల్లి ఉన్నాయి. మా ఆయన కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళి పడుకున్నారు, నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని నేను కోరుకున్న రోజు అదొక్కటే.

ఆ పూటే లైసెన్సు తీసుకుని బస్సెక్కాను. అప్పుడు తలనొప్పీ లేదు, రద్దీ కూడా అడ్డు రాలేదు.

వాళ్ళ పాకలో ముసలాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె నన్ను చూసి గబగబా లేచి, చాప దులిపి పరిచింది. మంచినీళ్ళు ఇచ్చింది. నేను నిలబడే కాగితం చాపాను.

“లైసెన్సు పెద్దమ్మా. ఎప్పుడో వచ్చింది. నేను తేలేదు. తప్పంతా నాది.”

ఆమె దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకుంది. ఆ కాగితంతో ఇప్పుడు చేసేదేముందని అడగలేదు. “మీదేముందండి అమ్మగారూ, తప్పు నాది. ఆ రోజు పండగ పూట పాచి చేప తెచ్చానండి. కొనేటప్పుడే కాస్త మెత్తగా ఉందనిపించింది. ఏ చేపయితేనేంలే అనుకున్నాను. అయ్యగారికి కోపం రాదాండి మరి? మా ఆయన కూడా అదే అంటున్నాడు, నీ మూలానే వల పోయిందని.”

నేను చాప మీద కూలబడ్డాను. అంతా చెప్పాను. నేను అన్న మామూలు వేరు, ఆమె విన్న మామూలు వేరు అన్నాను. ఆయన కోపం చేప పాచిదని కాదన్నాను. లైసెన్సుకు చలానా తప్ప ఇంకేమీ అక్కర్లేదన్నాను. మా ఆయన అలాంటి మనిషి కాదన్నాను. వల విడిపించడానికి అర్జీ ఆయనే రాస్తారన్నాను. ఏడుస్తూ చెప్పాను. ఆమె మధ్యలో అడ్డురాకుండా, మా వసారాలో నిలబడి విన్నట్టే, చేతులు కట్టుకుని ప్రతి మాటకూ తలూపుతూ వింది.

నేను ఆపాక ఆమె దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

“అలాగేనండి అమ్మగారూ. వల ఇప్పించండి. ఈసారి బతికున్న చేపే తెస్తాను.”