అక్కకు పడని పొట్టు

నాచారంలో మా ఇంటి వెనక రేకుల గది తలుపు తీస్తే, అప్పుడే కోసిన టేకు ఘాటు వాసన, దానితోబాటే ముక్కులో సన్నటి మంట. రంపపు పొట్టు పీల్చే మిషను తెచ్చి బిగించినా ఆ మంట పోవడం లేదు. పైపుది ఒక కొలత, రంపం మిషను మూతిది ఇంకో కొలత. ఉప్పల్ దుకాణాలన్నీ తిరిగి తెచ్చిన జాయింటు ఇంటికొచ్చాక వదులైంది. టేపు చుడితే ఊడిపోయింది. డ్రమ్ములో పడాల్సిన పొట్టు నా కనురెప్పల మీద పడుతోంది. ఆదివారాలన్నీ దీనికే తగలేస్తున్నాను. చిన్నప్పుడు రామంతాపూర్‌లో మా బాపు ఇదే పొట్టుతో ఎంత విసిగిపోయాడో ఇప్పుడు తెలిసివస్తోంది.

బాపు ఫ్యాక్టరీ షిఫ్టు ముగించుకొని, సైకిలు దిగి, చాయ్ తాగి, వరండాలో బిగించుకున్న మోటారు రంపం ముందు నిలబడేవాడు. పీటలు, కిటికీ చట్రాలు, దేవుడి మందిరాలు చేసేవాడు. ఎండాకాలం వేడిగాలికి ఆ పొట్టు ఎగిరి నీళ్ల కుండ మీద, మామిడికాయ తొక్కు జాడీకి కట్టిన గుడ్డ మీద, ఉగాది పచ్చడిలో, మేం అష్టాచెమ్మా ఆడే గీతల మీద, నాయినమ్మ నూనె రాసుకున్న జుట్టు మీద వాలేది. అమ్మ దాన్నే రేకు డబ్బాలో గట్టిగా కూరి, నడుమ బొక్క చేసి పొయ్యిగా వెలిగించి, ఆ నిదానపు సెగ మీద నువ్వులూ పల్లీలూ చిటపటలాడేలా సర్వపిండి కాల్చేది. బతుకమ్మ పండక్కి మేం అదే పొట్టుకు రంగులు కలిపి వాకిట్లో ముగ్గులు నింపేవాళ్లం.

అందరికీ అక్కరకొచ్చిన ఆ పొట్టు మా అక్కకు మాత్రం పడేది కాదు. చిన్నప్పటి నుంచీ ఆయాసం. ఇంట్లో చెక్క పనిలో చెయ్యి తిరిగింది మాత్రం ఆమెకే. బడి నుంచి రాగానే సంచీ పడేసి బాపు పక్కన చేరి చెక్కల అంచులు నున్నగా రుద్దేది. "నా కంటె నీ సెయ్యే సాఫుగుంది బిడ్డా" అని బాపు మురిసిపోయేవాడు. చీకటి పడేసరికి ఆమె ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి.

బాపు తడి గోనెసంచులు వేలాడదీశాడు. ముక్కుకు తువ్వాలు కట్టించాడు. కిటికీలో ఫ్యాను పెట్టాడు. దేనికీ పొట్టు ఆగలేదు. చివరికి పాడైన కూలరులోంచి ఫ్యాను ఊడదీసి, రేకుపెట్టెలో బిగించి, రెగ్జిను గుడ్డతో గొట్టం కుట్టి, కొసకు సిమెంటు సంచి కట్టాడు. మేమంతా చుట్టూ నిలబడగా స్విచ్చి వేశాడు. సంచి ఉబ్బింది, ఉబ్బింది, ఫట్టుమని చిరిగింది. లోపలున్నదంతా గోడ దాటిపోయింది. అవతల గుంటూరు నుంచి వచ్చిన టీచరమ్మ వడియాలు ఎండబెట్టుకుంటోంది.

"అన్నయ్యగారూ, వడియాల మీద ఇదేంటండీ!" అని ఆమె కేక.

బాపు ఆ పెట్టెను కాలితో తన్నాడు. ఆయనకు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ వానాకాలం అక్కకు ఊపిరాడక పెదాలు నీలంగా మారితే ఆటోలో దవాఖానాకు తీసుకుపోయారు. ఇంట్లో పొట్టు ఉండకూడదన్నాడు డాక్టరు. ఆమె ఇంటికొచ్చేలోపు బాపు రంపాన్ని ఒక స్నేహితుడి షెడ్డుకు పంపేశాడు.

"నేను దగ్గుకుంటనే జేస్త. నీకేంది?" అని అక్క అరిచింది.

"నువ్వు బతికుంటె సాలు" అన్నాడు బాపు.

కడిగిన వరండాలో రంపం ఉన్న చోటే ఆమె చాలా రోజులు వెళ్లి కూర్చునేది. తర్వాత చదువుకొంది, ఆఫీసులో గుమాస్తాగా చేరింది, మేడిపల్లిలో ఇల్లు కట్టుకొంది. ఇల్లు కట్టేటప్పుడు తలుపులు రెడీమేడ్‌వే కొంది, ఒక్క చెక్కను కూడా చేత్తో రుద్దలేదు.

ఈమధ్యే ఉద్యోగం నుంచి రిటైరైన అక్క మళ్లీ చెక్క పని చేసుకోవాలనే ఈ రేకుల గది. ఈ ఆదివారం మాత్రం విసుగొచ్చి, వంపులు తిరిగిన పైపంతా పీకేసి తిన్నగా ఒకటే వేశాను. డ్రమ్ము మూత కింద సైకిలు ట్యూబు కోసి పరిచాను. గాలి కారడం ఆగింది. వెంటనే ఫోను చేస్తే అక్క ఆటోలో వచ్చింది. మాస్కు పెట్టుకొని చెక్క రుద్దే మిషను పట్టుకొంది. పొట్టు లేచింది లేచినట్టే గొట్టంలోకి పోయింది. అక్క దగ్గుతుందేమోనని స్విచ్చి దగ్గరే నిలబడ్డాను. దగ్గలేదు.

కానీ కీళ్లవాతంతో బిగుసుకున్న ఆమె వేళ్లు ఆ మిషను వణుకును పట్టలేకపోయాయి. మిషను పక్కకు జారి చెక్క మీద గాడి పడింది. ఆపేసి, ఆ గాడిని తడుముతూ అక్క అంది: "గిప్పుడు ఊపిరున్నది, సేతులు లెవ్వు. గిది అప్పుడుంటే, చెల్లె..."

బాపు లేడు. రామంతాపూర్ వరండా ఉన్న చోట అపార్టుమెంటు లేచింది. ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు. పొట్టు పీల్చే మిషను స్విచ్చి ఆపెయ్యబోయాను.

"ఆపకు" అంది అక్క. "నువ్వు గీ రుద్దే మిషను గా పక్క పట్టు."