మాలకొండమ్మకు వచ్చిన ఇంటి లోను

ఉదయగిరిలో నా అద్దె గదికి ఎదురుగా మాలకొండమ్మ ఉంటుంది. గొర్రెలు మేపుతుంది. వాటి కోసం పదేళ్లుగా బ్యాంకులో అప్పు తీసుకుంటుంది, గడువు తప్పకుండా కడుతుంది.

"అప్పులున్నోళ్లకి ఇంటి లోను ఎవురిస్తారత్తా?" అని నవ్వేవాణ్ణి. నాకు జీతం ఉంది, ఎన్నడూ పైసా అప్పు చేయలేదు.

ఇద్దరం ఒకేరోజు ఆత్మకూరు బ్యాంకుకి వెళ్లి ఇంటి లోను అడిగాం. ఆమెకు వచ్చింది. నేను అప్పు కట్టిన దాఖలాయే లేదని నా కాగితాలు తిప్పి ఇచ్చారు.

"ఎప్పుడూ తీసుకోనోడివి, తిరిగి కడతావని వాళ్లకెట్టా తెలస్తాదిరా?" అంది బస్సులో.

ఇప్పుడు ఆమె కొత్తింటి గోడలు లేచి, నా కిటికీకి కొండ కనపడకుండా చేశాయి. నిన్న నాకు అక్కర్లేని ఫోన్ ఒకటి వాయిదాల మీద కొన్నాను.